ఇంజను ఆయిలును గృహస్థుని చేతిపనియు

మన పట్టణములలో మోటారుకారు నిలిచియుండని వీధి నేడు అరుదైపోయినది. ఒక తరము క్రిందట కారు గలవాడు వీధికొక్కడు. నేడు గుమస్తాలు, ఉపాధ్యాయులు, దుకాణదారులు, మావంటి వకీళ్లు అప్పు చేసియైనను కారు కొనుచున్నారు. కొనుటయందు తప్పేమియు లేదు. కాని కొన్న వస్తువును గూర్చి మన మెరిగినదెంత? బానెట్టు తెరచి, డిప్‌స్టిక్కు ఎక్కడ నున్నదో చూపుమన్నచో, తడవుకొనక చూపగల యజమానులు పదిమందిలో నెందరుందురో పాఠకులే తమలో తాము లెక్కించుకొందురు గాక! ఇంతకన్న వింత యేమనగా, ఈ యజ్ఞానము చదువుకొన్నవారియందే మిక్కుటముగా గానవచ్చుచున్నది. గ్రామములలో ట్రాక్టరు గల రైతులు పలువురు తమ యింజను ఆయిలును తామే మార్చుకొందురు. అది వారికి సిగ్గు కాదు. దుక్కివలె అదియు నొక పని. పట్టణపు పట్టభద్రునకు మాత్రము చేతికి మసి యంటినచో పరువే పోయినట్లు తోచును. అంగీ మడత నలుగకుండ కారును వాడుట నాగరికత యనియు, దాని క్రింద పడుకొనుట కూలిపని యనియు మనలో నొక భావము పాతుకొని పోయినది.

కారు ఇంజను ఆయిలును యజమాని యింటివద్ద స్వయముగా మార్చుకొనవచ్చునా? మార్చుకొనవచ్చును, చేతనైనవారు మార్చుకొనవలయు ననియే మా యభిప్రాయము. అయితే దానికొక షరతు కలదు. క్రొత్త ఆయిలు పోసి మూత బిగించుటతో పని ముగిసినదని తలచువారు దీనికి పూనుకొనకుండుటయే మేలు. తీసిన పాత ఆయిలు ఎచ్చటికి పోవునో ముందుగా చెప్పలేనివాడు క్రొత్త డబ్బా మూత తీయరాదు. ఈ రెండవ మాటయే మేము ముఖ్యముగా చెప్పదలచినది. కాని మొదటి మాట లేక రెండవది నిలువదు గనుక క్రమముగా చెప్పుదుము.

ఇంజనులో పిస్టనులును, క్రాంకుషాఫ్టును, కామ్‌షాఫ్టును నిమిషమునకు వేలమారులు కదలుచుండును. లోహమును లోహము రాచుకొనకుండ నడుమ పలుచని పొరయై నిలుచునది ఆయిలు. అంతియ కాదు. రేడియేటరు నీరు చేరలేని చోటులనుండి వేడిని మోసికొని పోవును, కాలిన యింధనపు మసిని, అరిగిన లోహపు నలుసులను తనలో పట్టియుంచి ఫిల్టరు వరకు తెచ్చును, తుప్పును వారించును. అందుచేత ఆయిలు నల్లబడినంతమాత్రమున చెడిపోయినదని భ్రమపడరాదు. డీజిలు ఇంజనులో పోసిన ఆయిలు కొలది దినములకే నల్లబడును. మసిని పట్టుట దాని ధర్మము. నల్లబడుట ఆ ధర్మమును నెరవేర్చుచున్న గుర్తు. కాని దానికొక మితి కలదు. ఆయిలులో కలిపిన రసాయనములు క్రమముగా ఖర్చయి పోవును, ఆమ్లములు పుట్టును, ఇంధనమును తేమయు వచ్చి చేరును. నిర్లక్ష్యము చేసినచో తుదకు బురదవలె పేరుకొని సన్నని దారులను మూసివేయును. నేటి పెట్రోలు కార్లలో పెక్కింటికి 10,000 కిలోమీటర్లకు గాని యేడాదికి గాని, ఏది ముందు వచ్చినచో దానికి, ఆయిలు మార్చవలయునని కంపెనీవారి చేతిపుస్తకములు చెప్పుచున్నవి. మా కారు తక్కువ తిరుగును గదా, దానికి తొందర యేమని కొందరందురు. ఇది పొరపాటు. ఇంటినుండి కోర్టుకు రెండు కిలోమీటర్లు పోయి ఆగిపోవు వకీలు కారు ఇంజను, లోపలి తేమ ఆవిరియై పోవునంత వేడెక్కుటకు ముందే చల్లారిపోవును. హైదరాబాదు బాటను పరుగెత్తు కారుకంటె దీని ఆయిలే త్వరగా పాడగుట కలదు. ఈ సంగతి తెలిసికొనుటకు మాకు పది సంవత్సరములు పట్టినది.

డబ్బాపై నుండు 5 డబ్ల్యు–30 వంటి గుర్తులను చూచి భయపడ నక్కరలేదు. డబ్ల్యు అను అక్షరము చలికాలమును సూచించును. దానికి ముందున్న అంకె చలిలో ఆయిలు ఎంత సులువుగా పారునో చెప్పును. వెనుకనున్న అంకె 100 సెల్సియసు డిగ్రీల వేడిమిలో దాని చిక్కదన మెంతయో చెప్పును. మనది వేడిదేశము గనుక ఎంత చిక్కని ఆయిలు పోసిన నంత మంచిదని పాత అంబాసడరు దినముల నాటి పెద్దలు సలహా నిత్తురు. వారి యనుభవమునకు నమస్కారము. కాని నేటి ఇంజనుల సందులు మిక్కిలి సన్ననివి. 0 డబ్ల్యు–20 కోరు ఇంజనునకు అదే పోయవలయును. ఈ విషయమున పెద్దల మాటకంటె చేతిపుస్తకపు మాట యెక్కువ.

మేమీ పనికి దిగుటకు కారణము పొదుపు కాదని చెప్పినచో కొందరు నమ్మకపోవచ్చును. లెక్క చూచినచో ఆయిలు ఖరీదు, ఫిల్టరు ఖరీదు ఎటులైనను పెట్టవలసినవే; మిగులునది కూలి, బిల్లులో కోరకయే చేరు ‘ఇంజను ఫ్లషు’, ‘అడిటివు’ వంటి చిల్లర పద్దులు మాత్రమే. కారణ మింకొకటి. కొన్నేండ్ల క్రిందట మా కారును ఒక సర్వీసు సెంటరునకు పంపుచు, వృత్తిరీత్యా అలవడిన అనుమానముచేత, పాత ఆయిలు ఫిల్టరు అడుగున తెల్లరంగుతో చిన్న చుక్క పెట్టితిమి. సాయంకాలము కారు కడిగి, తుడిచి, పరిమళము చల్లి యిచ్చిరి. బిల్లులో క్రొత్త ఫిల్టరునకు ధర కలదు, దానిని బిగించినందుకు కూలి కలదు. ఇంటికి వచ్చి దీపము పట్టి చూచినచో మా తెల్లచుక్క చెక్కుచెదరక మమ్ము చూచుచున్నది! మరునాడు అడుగగా యజమాని చాల మర్యాదగా విచారము వెలిబుచ్చి సొమ్ము తిరిగి యిచ్చెను. ఒకరి తప్పునుబట్టి వ్యాపారమంతటిని నిందించుట న్యాయము కాదు; మేమా పని చేయము. మాకు బాధ కలిగించిన దా తప్పు గాదు. చుక్క పెట్టవలెనన్న యాలోచన రాకపోయినయెడల అన్ని సంవత్సరములవలెనే ఆ సంవత్సరమును బిల్లు చెల్లించి తృప్తిగా నుందుము గదా యన్నదే బాధ. తెలియనివానికి మోసమునకును నిజాయితీకిని భేదమే కనబడదు. నిజాయితీపరుడైన మేస్త్రీకి కూడ ఇది యన్యాయమే. వాని పనియు దొంగపనియు మన కన్నులకు నొక్కటియే యగుచున్నది.

అప్పుడు మా వీధి చివర షెడ్డులో పనిచేయు నొక మేస్త్రీ నాశ్రయించితిమి. ఆయన బడికి పోయినది తక్కువ. ఇంజను శబ్దము విని రోగము చెప్పగలడు. నేర్పుమని యడుగగా మొదట నవ్వి, తరువాత మా పట్టుదల చూచి యొప్పుకొనెను. ఆయన నేర్పిన మొదటి పాఠము ఆయిలును గూర్చినది కాదు. “లాయరు గారూ, జాకీని నమ్మి కారు కిందికి దూరకండి. అది టైరు మార్చడానికే గాని మనిషిని కాయడానికి కాదు” అని. ఈ మాటను ప్రతి పాఠకుడును గుర్తుంచుకొన వేడుచున్నాము. సమతలమైన గట్టినేల, చేబ్రేకు, చక్రములకు అడ్డుదిమ్మలు, కారు క్రింద గట్టి ఇనుప స్టాండ్లు – ఇవి లేనివారు ఈ పని తలపెట్టరాదు. ఇటుకలు పేర్చి కారు నిలుపువారిని చూచితిమి. అది సాహసము కాదు, తెలివితక్కువతనము.

మిగిలిన పని తెలిసినవానికి గంటలోపలిది. ఇంజనును కొలది నిమిషములు నడిపి ఆపినచో ఆయిలు పలుచబడి చక్కగా కారును. మరీ వేడిగా నున్నపుడు విప్పినచో చేయి కాలును. అడుగున నుండు డ్రెయిను ప్లగ్గును సరియైన కొలత సాకెట్టుతో విప్పవలయును. వెల్లకిల పరుండి పైకి చూచువానికి కుడియెడమలు తారుమారైనట్లు తోచును. విప్పుచున్నామనుకొని బిగించి మరలు చెరుపుకొన్నవారు కలరు. ప్లగ్గు వాషరు క్రొత్తది వేయవలయును. ఫిల్టరు తీసినపుడు దాని పాత రబ్బరు వలయము ఇంజనుకే యతుకుకొని యున్నదేమో చూడవలయును. దానిపై క్రొత్త ఫిల్టరు బిగించినచో రెండు వలయములు నిలువక ఆయిలంతయు రోడ్డుపాలగును. క్రొత్త వలయమునకు వ్రేలితో కాస్త ఆయిలు రాచి, అది తగిలిన తరువాత చేతితో ముప్పాతిక చుట్టు త్రిప్పిన చాలును. బలము చూపుటకు ఇది గోదాము కాదు, అల్యూమినియము. పోయునపుడు చెప్పిన కొలతకంటె అరలీటరు తగ్గించి పోసి, ఇంజను ఒక నిమిషము నడిపి, ఆపి, కొంతసేపు నిలిచి, డిప్‌స్టిక్కు చూచి, రెండు గీతల నడుమకు వచ్చువరకు కొద్దికొద్దిగా కలుపవలయును. ఎక్కువ పోసినచో మంచిదే యను భావము తప్పు. క్రాంకుషాఫ్టు తగిలి చిలికినచో ఆయిలు నురుగగును, నురుగు ఇంజనును కాపాడలేదు. చిన్న కార్లకు సాధారణముగా పట్టునది మూడు నాలుగు లీటర్లే. చేతికి తొడుగులు తప్పనిసరి. వాడిన ఆయిలు మరల మరల చర్మమునకు తగులుట మంచిది కాదు. క్యాన్సరు కలిగించు పదార్థము లందు చేరియుండును.

ఇచట మాకొక ఆక్షేపణ రాగలదు. ఇంటివారందరును తమ పని తామే చేసికొన్నచో బీద మేస్త్రీ బ్రతుకెట్లు? ప్రశ్న న్యాయమైనదే, కాని అది గురి తప్పి మనమీదికి వచ్చినది. వీధి మేస్త్రీ నోటి కూడు తీయుచున్నది సంవత్సరమున కొకమారు ఆయిలు మార్చుకొను గృహస్థుడు కాడు. విడిభాగములు, పరీక్షించు పరికరములు, ఇంజను వివరముల పుస్తకములు తమ యధీనపు సర్వీసు సెంటర్లకు మాత్రమే దక్కునట్లు చేసిన కార్ల కంపెనీలు వాని నోటి కూడు తీసినవి. ఇది మా యూహ కాదు, తీర్పు. 2011లో ఒక వినియోగదారుని ఫిర్యాదుపై మొదలైన విచారణ ముగించి, 2014 ఆగస్టు 25వ తేదీన భారత పోటీ కమిషను 14 కార్ల కంపెనీలు విడిభాగముల విపణిలో తమ ప్రాబల్యమును దుర్వినియోగము చేసినవని నిర్ణయించి, మొత్తము సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించినది. బయటి మేస్త్రీలకు విడిభాగములును పరికరములును దొరకునట్లు చేయవలయునని యాజ్ఞాపించినది. బయట మరమ్మతు చేయించినంతమాత్రమున వారంటీ మొత్తము రద్దగునను షరతు పనికిరాదనియు, బయటి పని లోపమువలన కలిగిన నష్టము మేరకు మాత్రమే వారంటీని నిరాకరింపవచ్చుననియు చెప్పినది. అపీళ్లు నడచినవి, 2016 డిసెంబరులో అపీలు ట్రిబ్యునలు ముఖ్యాంశమును నిలిపినది. ఇంత గొప్ప తీర్పును గూర్చి మన పఠనమందిరములలో ఒక్కనాడైనను చర్చ జరిగినట్లు మే మెరుగము. క్రికెట్టు పందెముల లెక్కలు మాత్రము కంఠస్థము.

అమెరికాలో 1975లోనే మాగ్నుసన్–మాస్ వారంటీ శాసనము చేసిరి. ఫలానా కంపెనీ ఆయిలే, ఫలానా షెడ్డు పనియే యుండవలయునని, వాటిని ఉచితముగా నిచ్చిననే తప్ప, వారంటీకి ముడిపెట్టుట ఆ దేశమున చెల్లదు. అందుచేత అక్కడ ఉద్యోగములు చేయు మన తెలుగు పిల్లలు శనివారమునాడు ఇంటి ముంగిట తమ కార్ల ఆయిలు తామే మార్చుకొనుటకు జంకరు. ఇచటికి వచ్చి తండ్రి కారు బానెట్టు తెరువుమన్నచో తల్లి యడ్డుపడును! మన ప్రభుత్వము 2022 డిసెంబరులో మరమ్మతు హక్కు పోర్టలు నొకటి తెరచి, అందు మోటారు వాహనములను గూడ చేర్చినది. అది ప్రారంభము మాత్రమే. వకీలుగా మా సలహా యడిగినచో దాచక చెప్పుదుము: కమిషను తీర్పు బయటి మేస్త్రీలను గూర్చి స్పష్టముగా మాటలాడినది గాని, యజమాని సొంతచేతిని గూర్చి అంత స్పష్టముగా చెప్పలేదు. కావున వారంటీ గడువు తీరువరకు, కాగితమును పూర్తిగా చదివి, అందు చెప్పిన సర్వీసులను తప్పక చేయించుడు. గడువు తీరిన తరువాత స్పానరు పట్టుడు. ఆయిలు, ఫిల్టరు కొన్న బిల్లులు, తేదీ, కిలోమీటర్ల అంకె ఒక నోటుపుస్తకమున వ్రాసియుంచుడు. కారు అమ్ముకొనునాడు ఆ పుస్తకము మాటలాడును.

ఇక రెండవ మాట. దీనిని మా తప్పుతోనే మొదలుపెట్టుట ధర్మము. మొదటిసారి ఆయిలు మార్చిననాడు, చేతులు కడుగుకొని, విజయము సాధించినవానివలె, ఆ మూడున్నర లీటర్ల నల్లని ఆయిలును పెరటి మూలలో గొయ్యి తీసి పోసి మన్ను కప్పితిమి. మేస్త్రీ కీ సంగతి చెప్పలేదు; ఎవరైనను అడిగినచో చెప్పుటకు జవాబు లేదు గనుక. నాలుగేండ్లయినది. పెరడంతట గరిక యుండగా ఆ మూల మాత్రము నేటికిని బోడిగా నున్నది. దానికి పదిగజముల దూరమున మా బావి కలదు. సర్వీసు సెంటరువారు ఫిల్టరు మార్చక మమ్ము మోసగించిరని యూరెల్ల చెప్పుకొన్న మేము, మా బావికి మేము చేసినదానిని ఎవరికిని చెప్పుకొనలేదు. నేడు చెప్పుచున్నాము.

ఒక్క కారు ఆయిలు మార్పిడిలో వచ్చు వాడిన ఆయిలు పదిలక్షల గ్యాలన్ల మంచినీటిని, అనగా ఏబదిమందికి సంవత్సరము పొడుగున చాలు నీటిని, చెరుపగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరించుచున్నది. ఆయిలు నీటిలో కరగదు; పొరయై పరచుకొని గాలిని లోపలికి పోనీయదు. ఇంజనులో పట్టిన లోహములు, విషములు దానితో నుండనే యున్నవి. విజయవాడను చూడుడు. కృష్ణనుండి బయలుదేరి బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ మూడును ఊరి నడుమగా పోవుచున్నవి. పట్టణమున మురుగుకాలువలో పోసినది ఆ నీటిలో చేరుటకు ఎంతసేపు? దిగువనున్న గ్రామములు పెక్కు ఆ కాలువల నీటితోనే తమ మంచినీటి చెరువులను నింపుకొనుచున్నవి. ఇంటి ముందటి మురుగులో డబ్బా వంచు పెద్దమనిషి, కారులో పోయి రెండు గంటలలో చేరగల గ్రామమున ఒక యిల్లాలు ముంచుకొను బిందెలోనే పోయుచున్నాడు. అతడు స్వావలంబనము నేర్చినాడని మేము సంతసింపలేము.

కొందరు చెదలకు మంచిదని వాసములకు పూయుదురు, సెంటరింగు చెక్కలకు రాయుదురు, పొయ్యిలో మండింతురు. మండించినచో విషము పొగయై మన ఊపిరితిత్తులకే చేరును. మోసగాండ్రు దానినే వడగట్టి, రంగుతేర్చి, ఖాళీ డబ్బాలలో నింపి క్రొత్త ఆయిలని అమ్ముటయు కలదు. అందుచే ఖాళీ డబ్బాను పాతసామానువానికి వేయుటకు ముందు కత్తితో రెండు గాట్లు పెట్టుట ప్రతి గృహస్థుని విధి. నిజమునకు వాడిన ఆయిలు చెత్త కాదు, ధనము. తగిన కర్మాగారమున మరల శుద్ధి చేసినచో అది తిరిగి మంచి ఆయిలగును. 42 గ్యాలన్ల ముడిచమురునుండి ఎంత ఇంజను ఆయిలు వచ్చునో, ఒక్క గ్యాలను వాడిన ఆయిలునుండి అంత వచ్చునని ఆ అమెరికా సంస్థయే చెప్పుచున్నది. కావలసిన ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండి కొని తెచ్చుకొను దేశము మనది. విదేశపు సరకును తగ్గింపవలయునని వేదికలపై గొంతు చించుకొను మనము, బంగారము పెట్టి కొన్నదానిని మురుగులో కలుపుట నేమనవలయును?

శాసనము లేకపోలేదు. 2016 నాటి నిబంధనలు వాడిన ఆయిలును అపాయకరమైన వ్యర్థముల పట్టికలో చేర్చి, అనుమతి గల శుద్ధికర్మాగారములకే చేర్చవలయునని విధించినవి. 2023 సెప్టెంబరులో వాటిని సవరించి, ఆయిలు తయారుచేయు కంపెనీలపైనను, దిగుమతి చేయువారిపైనను, తామమ్మిన దానిలో కొంత పాలు మరల శుద్ధియగునట్లు చూచు భారము మోపిరి. ఆ విధులు 2024 ఏప్రిలు 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినవి. కాగితముపై నిది చక్కని యేర్పాటు. కాని మన పట్టణమున ఒక గృహస్థుడు మూడు లీటర్ల డబ్బా చేతబట్టుకొని ఎక్కడికి పోవలయును? మునిసిపాలిటీ వారిని అడిగితిమి. తడి చెత్త, పొడి చెత్త యని రెండు బుట్టలు చూపిరి. ఇది రెంటిలో నేదియని యడుగగా గుమస్తా చాలసేపు ఆలోచించెను. పాప మాతని తప్పేమి? ఆయిలు అమ్ము ప్రతి పెట్రోలు బంకులోను ఒక పీపా నుంచి, పాతది తెచ్చినవానినుండి తీసికొనవలయునని మునిసిపాలిటీవారును కాలుష్య నియంత్రణ మండలివారును కూడి యొక్క తీర్మానము చేసినచో చాలును. అమ్ముటకు చోటు గలవానికి తిరిగి పుచ్చుకొనుటకు చోటు లేదనుట చెల్లదు. మన వార్డు సభ్యుల నీ సంగతి యడుగవలసినది మనమే. ఎన్నికలకు ముందు అడిగినచో మరీ మంచిది.

అపార్టుమెంటులలో నుండి, నేలమాళిగలో బారెడు చోటు గలవారు మా మాట విని జాకీలు కొనవలదు. వారు ఆటోనగరుకో, వీధి మేస్త్రీవద్దకో పోయి, కుర్చీలో కూర్చుండి ఫోను చూచుకొనక, ప్రక్కన నిలిచి చూతురు గాక; పాత ఫిల్టరును, విప్పిన ప్లగ్గును చేతబట్టి చూతురు గాక; పీపాలో పోసిన ఆయిలు ఎవరు తీసికొనిపోదురని అడుగుదురు గాక. విద్యుచ్ఛక్తితో నడచు కార్లు వచ్చుచున్నవి గదా, వానికి ఇంజను ఆయిలే లేదు గదా, ఇక ఈ చర్చ యెందులకని మా మిత్రుడొక డనెను. రానిండు. అంతవరకు మన వీధులలో నున్న పెట్రోలు, డీజిలు కార్ల సంగతి చూడవలయును గదా. ఆ వచ్చు కార్ల బ్యాటరీల మాట వేరుగా వ్రాయవలసి యుండును.

మేమిప్పుడు పాత ఆయిలును, అది వచ్చిన డబ్బాలోనే గరాటుతో తిరిగి పోసి, నీరు గాని పెట్రోలు గాని కలియకుండ మూత బిగించి, మేస్త్రీ షెడ్డులోని పీపాకు చేర్చుచున్నాము. నీరు కలిసినదానిని శుద్ధిచేయువారు పుచ్చుకొనుటకు వెనుదీయుదురు. ఆ పీపాను కొనుటకు మూడు నెలల కొకసారి యొకడు వ్యాను తెచ్చును. ఎచ్చటికి తీసికొనిపోదువని మేస్త్రీ అంతకుముందు వాని నెన్నడును అడిగి యుండలేదు. మేము అనుమతిపత్రము చూపుమని యడుగగా మొదటిసారి నవ్వి, డబ్బు లెక్కపెట్టి పోయెను. ఈసారి అది లేనిదే పీపా కదలదని మేస్త్రీయే పట్టుపట్టెను. రెండు వారములు పీపా కదలలేదు. షెడ్డులో కాలు పెట్ట చోటు లేకపోయెను. గడచిన సోమవారమునాడు ఆ మనుష్యుడు కాలుష్య నియంత్రణ మండలి ముద్ర గల కాగితపు నకలు తెచ్చి యిచ్చి పీపా నెత్తించుకొని పోయెను. ఆ నకలును మేస్త్రీ షెడ్డు గోడకు, టైర్ల ధరల పట్టిక ప్రక్కన, అంటించియున్నాడు.